అపాచీ రిజర్వేషన్‌కి వెళ్తున్నారా? ముందు ఈ అపోహలు వదిలేయండి

ఫీనిక్స్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళని హైకింగ్‌కి, క్యాంపింగ్‌కి తీసుకెళ్ళడం మొదలుపెట్టి పన్నెండేళ్ళు దాటింది. అందులో ఎక్కువసార్లు వెళ్ళింది వైట్ మౌంటెన్ అపాచీలనే నేటివ్ అమెరికన్ తెగ (ట్రైబ్) సొంత భూభాగం, ఫోర్ట్ అపాచీ రిజర్వేషన్‌కే. ప్రతి ట్రిప్పు ముందూ వాట్సాప్‌లో అవే మాటలు వినబడుతుంటాయి, అందుకే ఒకచోట రాసిపెడుతున్నా.

అపోహ: అరిజోనా అంటే ఎడారే కదా, అక్కడేముంటుంది చూడ్డానికి?

గ్లోబ్ దాటి యూఎస్ 60 మీద సాల్ట్ రివర్ కాన్యన్‌లోకి దిగేదాకా నేనూ అలాగే అనుకున్నా. రోడ్డు మెలికలు తిరుగుతూ లోయ అడుక్కి దిగి, వంతెన దాటి మళ్ళీ అంత ఎత్తూ ఎక్కుతుంది, పైకి పోయేకొద్దీ కాక్టస్‌లు పోయి జునిపర్ చెట్లు, అవీ పోయి చూపు ఆనినంత మేర పాండెరోసా పైన్ అడవి. రిజర్వేషన్ మొత్తం దాదాపు 16 లక్షల ఎకరాలు. పైన సన్‌రైజ్ దగ్గర స్కీ రిసార్ట్ ఉంది, అది నడిపేది ట్రైబే. హాలీ లేక్ దగ్గర 1971 జనవరి 7న మైనస్ 40 డిగ్రీలు నమోదైంది, అరిజోనాలో ఇప్పటికీ అదే రికార్డు. మే నెలలో వెళ్ళినా రాత్రికి స్వెట్టర్లు తీసుకెళ్ళండి, పిల్లలకైతే తప్పకుండా.

అపోహ: అది గవర్నమెంట్ ల్యాండే, నేషనల్ పార్క్ పాస్ ఉంటే చాలు.

చాలదండి. రిజర్వేషన్‌కి సొంత ప్రభుత్వం, సొంత కౌన్సిల్, సొంత కోర్టులు ఉన్నాయి. చేపలు పట్టాలన్నా, టెంట్ వేయాలన్నా, కాన్యన్‌లో ఏటి దాకా దిగాలన్నా ట్రైబ్ ఇచ్చే పర్మిట్ ఉండాలి, స్టేట్ ఫిషింగ్ లైసెన్స్ అక్కడ పనికిరాదు. ఇంకోటి, ఆ ఏటికి ఉత్తరాన వైట్ మౌంటెన్ వాళ్ళది, దక్షిణాన శాన్ కార్లోస్ అపాచీలది, రెండూ వేర్వేరు ట్రైబ్‌లు, పర్మిట్లూ వేరే. మొదటి ఏడాది నాకిది తెలీక నాలుగు ఫ్యామిలీలతో దిగిపోయి పులిహోర డబ్బాలు విప్పి కూర్చున్నాం, ఒక ఆఫీసర్ వచ్చి పర్మిట్ అడిగారు, లేదన్నాం, నెమ్మదిగానే చెప్పి పైకి పంపించేశారు. మన పెరట్లో ఎవరో అడక్కుండా చాప పరుచుకుని కూర్చుంటే మనకెలా ఉంటుందో ఆ రోజు తెలిసొచ్చింది. అప్పట్నుంచి పర్మిట్లు చేతికొచ్చాకే కార్లు కదులుతాయి.

మౌంట్ బాల్డీ గురించి కూడా అడుగుతుంటారు. 11,400 అడుగుల పైచిలుకు ఎత్తు. నేషనల్ ఫారెస్ట్ వైపు నుంచి ట్రైల్ ఉంది గానీ, శిఖరం మాత్రం రిజర్వేషన్‌లో ఉంది, వాళ్ళకి పవిత్రమైన చోటు, బయటివాళ్ళకి ప్రవేశం లేదు. ఇంత దూరం వచ్చాం, కాస్తేగా అనకండి, హద్దు దగ్గరే వెనక్కి తిరగండి.

అపోహ: అపాచీ అంటే తీపీలనే కోసుగా ఉండే గుడారాలు, డ్రీమ్ క్యాచర్లనే ఈకలు వేలాడే వల చక్రాలు.

ఇక్కడి అపాచీల పాత ఇల్లు గుడారం కాదు, కొమ్మలు వంచి గడ్డి కప్పిన గుండ్రటి గుడిసె, గోవా అంటారు. డ్రీమ్ క్యాచర్ ఎక్కడో గ్రేట్ లేక్స్ దగ్గరి ఒజిబ్వే తెగవాళ్ళది. ఇక్కడ చూడాల్సింది బుట్టలు. తుస్ అని నీళ్ళ కుండ ఉంటుంది, కుండే గానీ మట్టిది కాదు, సుమాక్ అనే పొద పుల్లలతో అల్లింది. అల్లాక జునిపర్ ఆకు నూరి, ఎర్రమట్టి కలిపి సందుల్లోకి రుద్దుతారు, తర్వాత పిన్యోన్ పైన్ చెట్టు బంక కరిగించి లోపలా బయటా పట్టిస్తారు, ఇక చుక్క కారదు. ఒకావిడ నా చేతికిస్తే చూశాను, బెల్లం పాకం పోసి ఆరబెట్టినట్టు మెరుస్తోంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే సాంబ్రాణి లాంటి వాసన. ఊళ్ళో మేదరివాళ్ళ బుట్టలు చూస్తూ పెరిగినవాణ్ణి, అయినా నీళ్ళు నిలిచే బుట్ట అక్కడే మొదటిసారి చూశా.

వీపు మీద మోసే బుట్ట ఇంకోటి, తోలు కుచ్చులు, కుచ్చుల చివర చిన్న రేకు గొట్టాలు, నడుస్తుంటే మువ్వల్లా మోగుతాయి. రేటు చూసి బేరాలాడకండి దయచేసి, పుల్ల కోసి చీల్చి నానబెట్టడానికే రోజులు పడుతుంది. చేసిన మనిషి దగ్గరే కొనండి. నేటివ్ అమెరికన్లు కానివాళ్ళు చేసినదాన్ని ఇండియన్ (అంటే నేటివ్ అమెరికన్) క్రాఫ్ట్ అని అమ్మడం అమెరికాలో 1990 చట్టం ప్రకారం నేరం.

అపోహ: ఇవన్నీ మ్యూజియంలో మిగిలిన పాత సంగతులు.

మ్యూజియం ఉంది, ఫోర్ట్ అపాచీ అనే పాత సైనిక స్థావరంలో, తప్పకుండా చూడండి, దాని పేరుకి అర్థం మా అడుగుజాడల ఇల్లు. కానీ ఆ బుట్టలు ఈరోజుకీ పనిలోనే ఉన్నాయి. ఆడపిల్ల పెద్దమనిషి అయితే సన్‌రైజ్ డ్యాన్స్ చేస్తారు, నాలుగు రోజుల వేడుక, అందులో బుట్ట నిండా మిఠాయిలు పోసి ఆ పిల్ల తల మీద కుమ్మరిస్తారు. మన ఇళ్ళల్లో భోగిపళ్ళు పోయడం గుర్తొచ్చి మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిలిస్తేనే వెళ్ళండి, ఫోన్ జేబులోంచి తీయకండి.

దగ్గర్లోనే కినిష్‌బా అని రాతి ఇళ్ళ శిథిలాలున్నాయి, అవి అపాచీలు కట్టినవి కావు, వాళ్ళకంటే ముందున్న ప్యూబ్లో అనే పాత జనానివి.

చివరిగా అపాచీ ట్రౌట్. అంతరించిపోయిందని ఇప్పటికీ కొందరు చెప్తుంటారు. బంగారు రంగు చేప, కంటిపాపకి రెండు పక్కలా నల్లచుక్కలు, కాటుక గీసినట్టుంటుంది. అది తగ్గిపోతోందని ఫెడరల్ చట్టాలు రాకముందే, 1950ల్లోనే, ట్రైబ్ తన వాగుల్లో చేపలు పట్టడం ఆపించింది. ఆ వాగుల్లో మిగిలినవాటితోనే సంతతి పెరిగింది, 2024లో ప్రమాదంలో ఉన్న జీవుల లిస్టులోంచి తీసేశారు. మీ గాలానికి పడితే చెయ్యి తడుపుకుని పట్టుకోండి, పొడి చేత్తో పట్టుకుంటే పైనున్న జిగురు పొర ఊడిపోతుంది, ఫోటో కోసం గట్టు మీదకి లాగకుండా నీళ్ళలోనే గాలం విప్పేయండి.