పాటలో ఎవరు ఎక్కడున్నారు?

అమలాపురం

చిరంజీవులకు ఆశీస్సులు.

"చెవుల్లో పెట్టుకునేవి రెండే కదా తాతయ్యా, మరి డోలు కుడిపక్కన, సన్నాయి దూరంగా, పాడే ఆవిడ సరిగ్గా మధ్యలో ఎలా ఉన్నారు?" అని అడిగారు.

మన మండువా లోగిట్లో మధ్యాహ్నంపూట కళ్లు మూసుకుని పడుకోండి. కుడిపక్క వంటింట్లో రోలు చప్పుడు, ఎడమపక్క అరుగు మీద మాటలు, పెరట్లో దూడ అరుపు. ఎవరు ఎక్కడున్నారో లేచి చూడక్కర్లేదు. పాట కూడా అలాంటి లోగిలే.

రోలు చప్పుడు ముందు కుడి చెవికి అందుతుంది, తల చుట్టూ తిరిగి ఎడమ చెవికి చేరుతుంది. శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది, మీ చెవుల మధ్య జానెడు దూరమైనా లేదు. ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా మెదడు పట్టేస్తుంది. శ్రద్ధగా వింటే సెకనులో లక్షో వంతు తేడా కూడా మనిషికి తెలుస్తుంది! గాజుల గలగల లాంటి సన్న శబ్దాలకైతే తలే అడ్డుపడుతుంది, అవతలి చెవికి అవి తగ్గి వినిపిస్తాయి. రికార్డింగువాళ్లు ఎక్కువగా వాడేది ఈ రెండోదాన్నే. డోలును కుడివైపు గట్టిగా, ఎడమవైపు తగ్గించి పెడతారు. పాడే ఆవిడను రెండు వైపులా సమానంగా పెడతారు. ఎటూ మొగ్గడానికి కారణం దొరక్క మెదడు ఆవిడను మధ్యలో కూర్చోబెడుతుంది. 1931లో ఇంగ్లండులో ఆలన్ బ్లమ్‌లైన్ ఈ స్టీరియో పద్ధతికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు.

ఇక దూరం. పక్కనే కూర్చుని మాట్లాడితే మాట నేరుగా చెవిలో పడుతుంది. అదే అవతలి గదిలోంచి పిలిస్తే గోడలకు తగిలి వచ్చిన ధ్వని అందులో ఎక్కువగా కలిసిపోతుంది. సన్నాయికి ఆ ప్రతిధ్వని కలిపి, పదును కాస్త తగ్గిస్తే అది వెనక్కి జరుగుతుంది. ఊరేగింపు ఊరి చివర ఉన్నప్పుడు డోలు 'ధుం' ఒక్కటే వినిపిస్తుంది, దగ్గరికొచ్చాకే వేళ్ల తొడుగుల టకటక తెలుస్తుంది.

దూడ మనకు ముందుందా, వెనకుందా అన్నది తేల్చడం కష్టం, రెండు చెవులకూ ఒకేసారి అందుతుంది గనక. అక్కడ చెవిడొప్ప ముడతలు సాయపడతాయి, తల కొంచెం తిప్పితే ఇంకా తేలిపోతుంది. ఇయర్‌ఫోన్లలో మీ తలతోపాటు లోగిలంతా తిరుగుతుంది, అందుకే పాట తలలోపలే ఉన్నట్టుంటుంది.

ఇంట్లో రెండు స్పీకర్లను 2 మీటర్ల ఎడంగా, చెవి ఎత్తున పెట్టి, రెండింటికీ 2 మీటర్ల దూరంలో కూర్చోండి. ఒకదాని పక్కకు జరిగితే మధ్యలో ఉన్న గొంతు ఆ పక్కకే వెళ్లిపోతుంది, ముందు అందిన శబ్దానిదే పైచేయి. ఒక స్పీకరు ఎర్ర, నల్ల తీగలు తారుమారైతే డోలు బరువు పోతుంది, గొంతు ఎక్కడుందో తెలియకుండా చెదిరిపోతుంది. సౌండు మాత్రం హెచ్చించకండి నాన్నా, చెవిలోపల శబ్దాన్ని పట్టే కేశకణాలు పోతే మళ్లీ రావు.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తారుగా. చేలగట్టు మీద కళ్లు మూసుకుని, ఏ మేళం ఎటునుంచి వస్తోందో వేలితో చూపండి. ఒక చెవి గట్టిగా మూసి మళ్లీ చూపండి. రెండుసార్లూ కళ్లు తెరిచి సరిచూసుకుని, ఎంత తేడా వచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య