అమ్మమ్మలు పెంచిన పిల్లలు: హెచ్ఐవీ కుటుంబాల వెనక ఉన్న కథ

హెచ్ఐవీ పిల్లలు అనగానే అందరికీ ఆశ్రమమో హాస్టలో గుర్తొస్తుంది గానీ, మా విజయవాడ గుంటూరు వైపు అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న ఆ పిల్లల్లో చాలామందిని పెంచింది అమ్మమ్మలూ నాయనమ్మలే. సాయం వచ్చినప్పుడల్లా ముందు ఆ ఆశ్రమాల బిల్డింగులకి వచ్చింది, ఆ ముసలమ్మల చేతికి రావడానికి మాత్రం ఏళ్లు పట్టింది, అదే నా బాధ.

మన దేశంలో ఈ జబ్బు మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. అక్కణ్ణుంచి కలకత్తా పోయే హైవే, హైదరాబాద్ నుంచి బందరు పోయే హైవే రెండూ కలిసేది బెజవాడలోనే, పైగా పెద్ద రైల్వే జంక్షను, ఆటోనగర్ నిండా లారీలు, అటుపక్క గుంటూరు మిర్చి యార్డు. దాంతో తప్పంతా లారీ డ్రైవర్ల మీదకి నెట్టేశారు. అది అన్యాయం అని నేనిప్పటికీ అంటాను, వారాల తరబడి ఇల్లొదిలి తిరిగేవాడికి ఈ జబ్బు ఎలా వస్తుందో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఆ రోజుల్లో ఎంతమంది? దేశంలో ఎయిడ్స్ నియంత్రణకని న్యాకో అనే ప్రభుత్వ సంస్థని పెట్టిందే 1992లో.

ఇంట్లో జరిగింది ఇంకా ఘోరం. కడుపుతో ఉన్న అమ్మాయికి ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తారు కాబట్టి చాలా ఇళ్లల్లో జబ్బు ముందు కోడలికే బయటపడేది, మొగుడు అప్పటికి పరీక్షే చేయించుకుని ఉండడు, అంతే, నువ్వే తెచ్చావని ఆ పిల్లని పుట్టింటికి పంపేసేవాళ్లు. కొన్నాళ్లకి అతను పోయేవాడు, తర్వాత ఆమె, పిల్లలు అమ్మమ్మ దగ్గర మిగిలేవాళ్లు, నాన్న వాటా పొలం అడిగితే ఆ జబ్బు పిల్లలకి పొలమెందుకు అనేవాళ్లు. ఇలాంటి మాట నేను చెవులారా విన్నాను.

మందులు లేవా అంటే ఉన్నాయి, కొనే స్తోమత లేదు. 2001లో సిప్లా కంపెనీ మూడు మందుల కోర్సుని రోజుకి డాలర్ లోపుకి దించి ప్రపంచాన్ని కదిలించింది, అయినా కూలి డబ్బుతో బతికే ఇంటికి అది కూడా ఎక్కువే. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు, అంటే వైరస్‌ని అణిచిపెట్టే బిళ్ళలు, ఇవ్వడం మొదలుపెట్టింది, అదీ దేశం మొత్తం మీద ఎనిమిది సెంటర్లలో. మన జిల్లాల పెద్దాసుపత్రుల దాకా ఆ బిళ్ళలు వచ్చేసరికి ఎంతమంది తల్లులు పోయారో. పిల్లల కోసం విడిగా మందుల కార్యక్రమం 2006 నవంబరులో గానీ రాలేదు, అంతకుముందు పెద్దవాళ్ల బిళ్ళలే విరిచి వేసేవాళ్లు, డోసు సరిగ్గా పడేది కాదు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఏ మందూ వాడకపోయినా తల్లి నుంచి బిడ్డకి జబ్బు రావడం నూటికి 15 నుంచి 45 మంది పిల్లల్లోనే, అంటే సగానికి పైగా పిల్లలకి రాదు. కానీ తల్లి యాంటీబాడీలు, అంటే వైరస్‌ని ఎదుర్కోడానికి ఆమె ఒంట్లో తయారైనవి, బిడ్డ ఒంట్లో 18 నెలల దాకా ఉండిపోవచ్చు, మామూలు టెస్టు చేస్తే పాజిటివ్ అనే చూపిస్తుంది. ఆ కాగితం చూసి ఆస్పత్రి మెట్ల మీద వదిలేసిన పసిగుడ్డుకి అసలు జబ్బే ఉండకపోవచ్చన్నమాట! ఆరు వారాలకే కాలి మడమ నుంచి చుక్క రక్తం తీసి అసలు వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష మన దేశంలో 2010 నుంచి మెల్లగా అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు పాజిటివ్ ముద్రతో ఏడాదిన్నర ఎవరూ ఎత్తుకోకుండా పెరిగిన పిల్లల సంగతి తల్చుకుంటే గుండె తరుక్కుపోతుంది.

అప్పట్లో హోములు కూడా, పోయేదాకా కాస్త తిండీ ప్రేమా పెడదాం అన్న ఆలోచనతోనే మొదలయ్యాయి. బెజవాడలో నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కుటుంబం నుంచి వచ్చిన వాసవ్య మహిళా మండలి లాంటి వాళ్లు ఇళ్లకే వెళ్లి చూసుకునే పద్ధతి పట్టుకున్నారు, నాకు అదే సరైన దారి అనిపిస్తుంది. తర్వాత మందులు పనిచేశాయి, పోతారనుకున్న పిల్లలు బతికి టెన్త్ రాశారు. దానికి ఎవరూ సిద్ధంగా లేరు, 18 నిండగానే హోము వదలాలి, ఎక్కడికి పోవాలి?

2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకొచ్చిన హెచ్ఐవీ చట్టం, బడిలో వివక్ష చూపకూడదనీ, వాళ్లు ఒప్పుకోకుండా ఎవరికి జబ్బుందో బయటపెట్టకూడదనీ చెప్పింది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద అర్హులైన పిల్లలకి ఇంట్లోనే ఉండి పెరిగేలా నెలకి 4,000 ఇచ్చే వీలుంది, బంధువుల దగ్గరుండే అనాథలు కూడా అందులోకి వస్తారు, అమ్మమ్మ అప్లికేషన్ పెట్టుకోవాలి అంతే, ఆ ముక్క ఆమెకి చెప్పేవాళ్లుండాలి. 2021 అంచనాల్లో దేశంలో పెద్దవాళ్లలో ఈ జబ్బు 0.21 శాతం ఉంటే మన రాష్ట్రంలో 0.67, అంటే ఇది పాత కథ కాదు.

ఆ హెచ్ఐవీ చట్టంలోనే ఇంకో మాట ఉంది, తెలివిడి ఉండి, జబ్బు పడిన ఇంటిని తనే నడుపుతున్న పిల్లకో పిల్లాడికో పన్నెండేళ్లు నిండితే చాలు, తమ్ముణ్ణి బడిలో చేర్చడానికీ మందులిప్పించడానికీ బ్యాంకు పనికీ తనే గార్డియన్‌గా సంతకం పెట్టొచ్చు. అమ్మమ్మ కూడా పోయిన ఇళ్లని చూసి రాసిన మాటే అయ్యుంటుంది అది.