గడ్డకూ వైద్యానికీ నడుమ రోజులు

రొమ్ములో చేతికి తగిలిన గడ్డ నొప్పి పెట్టకపోవడమే దానిలోని అసలు ప్రమాదం. పన్ను సలిపితే ఆ రాత్రే లవంగం నూనె వెతుక్కునే మనిషి, చంక పక్కన చింతగింజంత గట్టిగా తగులుతున్నదాన్ని మాత్రం నెలల తరబడి మోస్తూ తిరుగుతుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఆ వాయిదాకు ఎప్పుడూ ఏదో ఒక కారణం సిద్ధంగా ఉంటుంది: మామిడికాయల కోత కానీ, గంగ జాతర పోనీ, పిల్ల పరీక్షలు ముగియనీ. "నొప్పి లేదు కదా, పోదాంలే" అన్న మాట ఈ వైపు ఇళ్ళల్లో విననివారు తక్కువ.

నొప్పి ఎందుకు రాదో తెలిస్తే ఆ మాటలోని మోసం అర్థమవుతుంది. ఎక్కువగా పాలనాళాల లోపలి పొరలో మొదలయ్యే రొమ్ము క్యాన్సర్ కణాలు తొలిదశలో చీము పట్టవు, నరాలను నొక్కవు. మెత్తని కొవ్వు నడుమ చోటు చేసుకుంటూ పెరుగుతాయి. ఒక కణం రెండై, రెండు నాలుగై, అలా 30 సార్లు రెట్టింపైతే వాటి సంఖ్య వంద కోట్లు దాటుతుంది. అప్పటికి గడ్డ అడ్డుకొలత సుమారు ఒక సెంటీమీటరు. ఒక్కో రెట్టింపుకు కొందరిలో రెండు మూడు నెలలు, మరికొందరిలో ఆరు నెలలకు పైనే పట్టవచ్చు కాబట్టి, చేతికి తగిలేనాటికే దాని వయసు ఏళ్ళలో ఉంటుంది. ఇన్నేళ్ళు ఊరుకున్నది ఇంకో ఆరు నెలలు ఊరుకోదా అని లెక్క వేస్తే అక్కడే తప్పుతుంది. అడ్డుకొలత ఒక సెంటీమీటరు నుంచి రెండుకు పెరగాలంటే ఘనపరిమాణం ఎనిమిది రెట్లు కావాలి, దానికి మూడు రెట్టింపులు చాలు. రెండు నుంచి నాలుగుకు మరో మూడు చాలు. ముప్పై మెట్లు ఎవరికీ కనబడకుండా ఎక్కిన వ్యాధికి, చిన్న గడ్డ పెద్ద గడ్డ కావడానికి మిగిలినవి ఆరు మెట్లే.

2022 అంచనాల ప్రకారం ఆ ఏడాది ప్రపంచంలో 23 లక్షల మందికి రొమ్ము క్యాన్సర్ బయటపడింది, 6.7 లక్షల మంది దానివల్ల చనిపోయారు. భారతదేశంలో కొత్త కేసులు సుమారు 1.92 లక్షలు, మరణాలు సుమారు 98 వేలు. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి: ప్రపంచం మొత్తంమీద మరణాలు కొత్త కేసుల్లో మూడో వంతుకు తక్కువ, మన దగ్గర సగానికి పైన. వ్యాధి స్వభావంలో కొంత తేడా ఉన్న మాట నిజమే. ఈస్ట్రోజెన్ వంటి హార్మోన్లను అడ్డుకునే మందులకు గానీ, హెర్2 అనే ప్రోటీన్‌ను గురిపెట్టే మందులకు గానీ లొంగని రకం మన దేశంలో పాశ్చాత్య దేశాలకన్నా ఎక్కువ పాళ్ళలో కనబడుతుంది. కానీ పెద్ద తేడా రోజుల్లోనే ఉందని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రారంభించిన రొమ్ము క్యాన్సర్ కార్యక్రమం పెట్టుకున్న లక్ష్యాలు కూడా అదే చెబుతాయి: కనీసం 60 శాతం కేసులు మొదటి, రెండో దశల్లోనే బయటపడాలి, మనిషి ఆసుపత్రి గడప తొక్కిన 60 రోజుల్లోపు రోగ నిర్ధారణ పూర్తి కావాలి, కనీసం 80 శాతం మంది వైద్యాన్ని మధ్యలో వదలకుండా ముగించాలి.

రొమ్ము క్యాన్సర్ పరీక్ష అనగానే అందరికీ మామోగ్రామ్ గుర్తుకు వస్తుంది. తక్కువ మోతాదు ఎక్స్‌రే తో తీసే ఈ చిత్రంలో కొవ్వు నల్లగా, పాలగ్రంథుల కణజాలం తెల్లగా, క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే కనబడతాయి. యాభై దాటినవారిలో గ్రంథులు తగ్గి కొవ్వు పెరుగుతుంది కాబట్టి తెల్లని మచ్చ తేటగా తెలుస్తుంది. నలభైలో ఉన్నవారిలో అది పాలలో సున్నపు చుక్కలా కలిసిపోతుంది. మన దేశంలో ఈ వ్యాధి పాశ్చాత్య దేశాలకన్నా సుమారు పదేళ్ళు ముందుగా వస్తున్నందున, అక్కడి పద్ధతిని యథాతథంగా తెచ్చి ఊరూరా పెడితే సరిపోదు. యంత్రం ఖరీదు, చిత్రాన్ని చదవగల రేడియాలజిస్టుల కొరత సరేసరి.

అందువల్లనే ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టిన ఒక అధ్యయనం మనకు ఎక్కువ దగ్గరిదని అనిపిస్తుంది. ఇంద్రనీల్ మిత్రా, ఆయన సహచరులు నగరంలోని పేటల్లో 35 నుంచి 64 ఏళ్ళ వయసున్న లక్షా యాభై ఒక్క వేల మందికి పైగా స్త్రీలను రెండు వర్గాలుగా తీసుకున్నారు. ఒక వర్గంలోని వారికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలైన స్త్రీలు రెండేళ్ళకొకసారి చొప్పున నాలుగు విడతలు చేత్తో తడిమి రొమ్ము పరీక్ష చేశారు. రెండో వర్గానికి వ్యాధి గురించిన అవగాహన కలిగించి, తర్వాత ఏం జరుగుతుందో గమనించారు. యంత్రం లేదు, కరెంటు అక్కరలేదు. కావలసింది తెర కట్టిన ఒక గది, ఓపిక, తర్ఫీదు పొందిన వేళ్ళ కొసలు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2021లో ఫలితాలు వెలువడ్డాయి. పరీక్షలు చేసిన వర్గంలో ముదిరిన దశలో, అంటే మూడు నాలుగు దశల్లో బయటపడిన కేసులు 37 శాతం ఉండగా, రెండో వర్గంలో 47 శాతం ఉన్నాయి. యాభై ఏళ్ళు, ఆపై వయసువారిలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

ఈ అధ్యయనాన్ని మెచ్చుకునేవారు తరచు దాటవేసే సంగతి మరొకటి ఉంది. అన్ని వయసులనూ కలిపి చూస్తే మరణాల తగ్గుదల 15 శాతమే. అది కాకతాళీయం కాదని గణాంకపరంగా గట్టిగా చెప్పడానికి చాలదు. యాభై లోపు వారి మరణాల్లో చెప్పుకోదగ్గ ప్రయోజనం కనబడలేదు. చైనాలోని షాంఘై నగరంలో రెండు లక్షల అరవై ఆరు వేల మంది మిల్లు కార్మిక స్త్రీలతో జరిగిన ఇంకో అధ్యయనం 2002లో మరింత చేదు ఫలితాన్ని ఇచ్చింది: ఎవరి రొమ్మును వారే పద్ధతి ప్రకారం పరీక్షించుకోవడం నేర్పినా మరణాలు తగ్గలేదు, హానిలేని గడ్డలకు చేసిన ముక్క పరీక్షలు (బయాప్సీలు) మాత్రం పెరిగాయి. కాబట్టి నెలనెలా కంగారుగా తడుముకోవడం కన్నా, తన శరీరంలో కొత్తగా వచ్చిన మార్పును, అంటే గడ్డను గానీ, లోపలికి లాక్కుపోయిన చనుమొనను గానీ, నారింజ తొక్కలా గుంటలు పడిన చర్మాన్ని గానీ, మొన నుంచి కారే నెత్తుటిని గానీ చూసిన వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్ళడం ముఖ్యం. ముప్పై నుంచి అరవై అయిదేళ్ళ వయసు స్త్రీలకు శిక్షణ పొందినవారు అయిదేళ్ళకొకసారి చేత్తో రొమ్ము పరీక్ష చేయాలని మన ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తిరుపతిలోని స్విమ్స్ వైద్య సంస్థ వారి గులాబీ రంగు బస్సు పల్లెలకు వెళ్ళి క్యాన్సర్ పరీక్షలు చేయడం వెనుక ఉన్న ఆలోచన కూడా దూరాన్ని తగ్గించడమే.

పరీక్షలో అనుమానం వస్తే తర్వాతి మెట్టు స్కానింగు, ముక్క పరీక్ష. సూది గుచ్చితే క్యాన్సర్ పాకిపోతుందన్న భయం ఇక్కడ గట్టిగా నాటుకుని ఉంది; గడ్డ నుంచి సూదితో ముక్క తీయడం వల్ల ఆయుర్దాయం తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ఆ చిన్న ముక్క మీదనే మిగతా వైద్యమంతా ఆధారపడుతుంది. హార్మోన్లను అందుకునే గ్రాహకాలు ఉన్న గడ్డకు టామోక్సిఫెన్ వంటి మాత్ర, హెర్2 ఎక్కువగా ఉన్న గడ్డకు ట్రాస్టుజుమాబ్, రెండూ లేనిదానికి ప్రధానంగా కీమో. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ చాలాకాలం సామాన్యులకు అందని ధరలో ఉండేది. 2014లో బెంగళూరు సంస్థ బయోకాన్ దానికి దీటైన మందును దేశంలో విడుదల చేశాక పరిస్థితి కొంత మారింది.

శస్త్రచికిత్స కథ వేరే వ్యాసానికి సరిపడేంత ఉంది. రొమ్మును, ఛాతీ కండరాలను, చంకలోని లింఫ్ గ్రంథులను కలిపి తొలగించే పద్ధతి అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ కాలం నుంచి డెబ్బై ఎనభై ఏళ్ళు రాజ్యమేలింది. బెర్నార్డ్ ఫిషర్ అమెరికాలోను, వెరోనెసి ఇటలీలోను చేసిన అధ్యయనాలు, గడ్డను మాత్రమే తీసి కిరణ చికిత్స ఇచ్చినా బతికే అవకాశం అంతే ఉంటుందని తేల్చాయి. ఇక్కడ నేను చెప్పదలచింది ఆపరేషన్ బల్ల మీద జరిగిన ఒక చిన్న ప్రయోగం గురించి. పన్ను పీకేముందు చిగురుకు ఇచ్చే మత్తుమందు లిగ్నోకెయిన్ అందరికీ తెలిసిందే. టాటా మెమోరియల్‌కు చెందిన రాజేంద్ర బడ్వే నాయకత్వంలో దేశంలోని 11 కేంద్రాలు సుమారు 1,600 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనంలో, సగం మందికి గడ్డను కోసే ముందు ఏడు నుంచి పది నిమిషాల వ్యవధిలో దాని చుట్టూ 0.5 శాతం లిగ్నోకెయిన్ ఎక్కించారు. కత్తి తగిలినప్పుడు కదిలిపోయే కణాలు రక్తంలోకి చేరకుండా ఈ మందు వాటి పొరలోని సోడియం ద్వారాలను మూసి అడ్డుకోవచ్చునన్నది పరిశోధకుల ఊహ. 2023లో ప్రచురించిన ఫలితాల్లో, అయిదేళ్ళ తర్వాత జీవించి ఉన్నవారు మందు ఇవ్వని వర్గంలో 86.4 శాతం, ఇచ్చిన వర్గంలో 90.1 శాతం. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోయిందని నేను అనుకోను. అయినా పేటెంటు లేని, ఏ జిల్లా ఆసుపత్రి అలమారులోనైనా దొరికే మందుతో ఇలాంటి ప్రశ్న వేయడానికి లాభం చూసుకునే కంపెనీ ఏదీ ముందుకు రాదు. అది వేయగలిగింది ప్రజల సొమ్ముతో నడిచే ఆసుపత్రే.

ఆపరేషన్ తర్వాత వచ్చేది రేడియేషన్. మన వాళ్ళు దాన్ని "కరెంటు పెట్టడం" అంటారు. నిజానికి ఒంటికి తగిలేది కరెంటు కాదు, బలమైన ఎక్స్‌రేలు. అవి కణాల్లోని డీఎన్‌ఏను తెంచుతాయి. మంచి కణాలు దాన్ని రాత్రికి రాత్రి చాలావరకు అతికించుకుంటాయి, క్యాన్సర్ కణాలు అంత చక్కగా అతికించుకోలేవు. ఈ తేడాను వాడుకోవడానికే మొత్తం మోతాదును చిన్న చిన్న భాగాలు చేసి, రోజుకు 2 గ్రేల (గ్రే అంటే కిరణాల మోతాదుకు కొలత) చొప్పున, వారానికి అయిదు రోజులు, అయిదు వారాలు ఇచ్చేవారు. కుప్పం నుంచి తిరుపతికి నూట యాభై కిలోమీటర్లకు పైనే. పలమనేరు, పుంగనూరు నుంచి వచ్చే కూలి మనిషికి అయిదు వారాలంటే తానొక్కతే కాదు, తోడుగా మరొకరు పని మానుకుని గది అద్దెకు తీసుకోవాలి. చిత్తూరు వాళ్ళు రాయవేలూరు వెళ్ళినా లెక్క అంతే. మధ్యలో మానేసేవారు ఎందుకు మానేస్తారో దీన్నిబట్టి ఊహించవచ్చు.

బ్రిటన్‌లో జాన్ యార్నాల్డ్ తదితరులు అడిగిన ప్రశ్న ఇక్కడే మనకు తగులుతుంది. రొమ్ము క్యాన్సర్ కణాలు చాలా క్యాన్సర్లలా కాక, ఒక్కో విడతలో ఇచ్చే మోతాదు పెరిగితే ఎక్కువగా దెబ్బతింటాయేమో, అలా అయితే తక్కువ విడతలతో సరిపెట్టవచ్చు కదా అని వారి తర్కం. మొదట 40 గ్రేలను 15 విడతల్లో, మూడు వారాలకు కుదించి చూశారు. అయిదు వారాల పద్ధతికి అది ఏమాత్రం తీసిపోలేదు. తర్వాత 4,096 మందితో చేసిన అధ్యయనంలో 26 గ్రేలను అయిదు విడతల్లో, ఒక్క వారంలో ఇచ్చారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం అయిదేళ్ళలో అదే చోట వ్యాధి తిరిగి వచ్చినవారు మూడు వారాల పద్ధతిలో 2.1 శాతం, ఒక వారం పద్ధతిలో 1.4 శాతం. చంక గ్రంథులకూ కిరణాలు అవసరమైనవారికి మూడు వారాల పద్ధతినే వైద్యులు ఎక్కువగా ఎంచుకుంటారు కాబట్టి ఇది అందరికీ వర్తించదు. వర్తించినవారికి మాత్రం సోమవారం వచ్చి శుక్రవారం సాయంత్రం ఇల్లు చేరే వైద్యం అది. స్విమ్స్‌కు తోడు, టాటా ట్రస్టుల చేయూతతో 2022లో తిరుపతిలో క్యాన్సర్ ఆసుపత్రి మొదలవడం వల్ల యంత్రం దగ్గరైంది.

కీమో వల్ల జుట్టు రాలడం గురించి ఒక్క మాట. ఈ మందులు వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీస్తాయి, జుట్టు కుదుళ్ళు వాటిలో ఉన్నాయి. వైద్యం ముగిశాక కొన్ని నెలలకు మళ్ళీ మొలుస్తుంది. వేరే ఊళ్ళో బోడితల ఆడమనిషిని చూసి నలుగురూ కారణం అడుగుతారు. తలనీలాలు ఇచ్చి కొండ దిగేవారితో నిండిన తిరుపతి వీధుల్లో ఆ ప్రశ్న ఎవరూ వేయరు.

వైద్యం ముగిసింది అనుకున్న తర్వాత మిగిలే పనిని మనం తక్కువగా చూస్తాం. టామోక్సిఫెన్ రోజుకొక మాత్ర, కనీసం అయిదేళ్ళు. కొందరిలో పదేళ్ళు వాడితే మరింత మేలని 2012లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. గర్భనిరోధకంగా పనికొస్తుందని ఇంగ్లండులో తయారుచేసి, ఆ పనికి విఫలమైన రసాయనం అది. ఒళ్ళు ఆవిర్లు, కీళ్ళ నొప్పులు ఓర్చుకుంటూ, పైకి ఏ జబ్బూ కనబడని మనిషి అన్నేళ్ళు మాత్ర మింగడం ఆపరేషన్ కన్నా కష్టమైన క్రమశిక్షణ.

ఇక చేయి. చంకలోని గ్రంథులు తీసినప్పుడు, కిరణాలు సోకినప్పుడు కొందరిలో శోషరసం (లింఫ్) పారే దారి మూసుకుపోయి చేయి ఉబ్బుతుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదని డాక్టర్లు దశాబ్దాలుగా చెబుతూ వచ్చారు. ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. క్యాథరిన్ ష్మిట్జ్ బృందం అమెరికాలో చేయి వాచిన 141 మందితో, వారానికి రెండుసార్లు, చాలా తేలిక బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ ఏడాదిపాటు బరువులు ఎత్తించింది. 2009లో వచ్చిన ఫలితం ప్రకారం వాపు పెరగలేదు సరికదా, ఉన్నట్టుండి ఎక్కువయ్యే బాధలు తగ్గాయి, చేతికి బలం వచ్చింది. చిత్తూరు జిల్లా పల్లెల్లో ఆ బరువు పాలకేంద్రానికి మోసుకెళ్ళే పాల క్యాను రూపంలో ఉంటుంది. "ఆవును పితికి పాలు మొయ్యొచ్చునా సార్?" అని అడిగే స్త్రీకి ఈ అధ్యయనం ఆధారంగా ఇవ్వగల జవాబు ఇది: ఫిజియోథెరపిస్టుకు చూపించుకుని, బిగుతు తొడుగు వేసుకుని, మొదట అర క్యానుకు కూడా తక్కువతో మొదలుపెట్టవచ్చు, చేయి బరువెక్కినట్టు అనిపించిన రోజు ఆపి, మళ్ళీ తక్కువ నుంచి మొదలుపెట్టాలి.