గడ్డ జన్యువులే కాదు, మనిషి జన్యువులూ

లింఫోమా (లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలకు వచ్చే క్యాన్సర్) అని తేలగానే ఇంట్లోవాళ్లు డాక్టర్‌ని అడిగేది "ఏ రకం? ఏ స్టేజ్?" అని. రెండూ ముఖ్యమే. కానీ ఒకే రకం, ఒకే స్టేజ్, ఇంచుమించు ఒకే వయసున్న ఇద్దరికి ఒకే మందు ఇచ్చినా, ఒకరికి గడ్డలు కరిగి ఏళ్ల తరబడి మళ్లీ కనిపించవు, ఇంకొకరికి త్వరగానే తిరగబెడతాయి. ఎందుకు?

చాలాకాలం జవాబు కోసం గడ్డలోనే వెతికారు. క్యాన్సర్ కణాల్లో వచ్చే జన్యు మార్పులు ఆ కణాలకే పరిమితం, పిల్లలకు పోవు. అమ్మానాన్నల నుంచి వచ్చి ఒళ్లంతా ఉండే జన్యువుల సంగతి వేరు. లింఫోమాలో వీటిని పక్కన పెట్టడానికి వీల్లేదు. ఒంటికి కాపలా కాయాల్సిన లింఫోసైట్ కణమే ఇక్కడ అదుపు తప్పుతుంది, దాన్ని పట్టుకోవాల్సింది కూడా ఆ కాపలా వ్యవస్థే. 2004లో ఫాలిక్యులర్ లింఫోమా (సాధారణంగా నెమ్మదిగా పెరిగే ఒక రకం లింఫోమా) గడ్డలను పరిశీలించిన పరిశోధకులకు, రోగి ఎంతకాలం బతకవచ్చో సూచించే ఆనవాళ్లు క్యాన్సర్ కణాల్లో కాదు, గడ్డలోకి వచ్చి చేరిన మామూలు రోగనిరోధక కణాల్లో దొరికాయి.

ఈ విషయంలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఎఫ్‌సీజీఆర్‌3ఏ అనే జన్యువు. 1997లో అమెరికాలో అనుమతి పొందిన లింఫోమా మందు రిటుక్సిమాబ్ ఒక యాంటీబాడీ, అంటే ఒక నిర్దిష్ట లక్ష్యానికి అతుక్కునే ప్రోటీన్. దాని ఒక కొస లింఫోమా కణం మీది సీడీ20 ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. రెండో కొసను నేచురల్ కిల్లర్ అనే రోగనిరోధక కణాలు తమ పైనుండే గ్రాహకం అనే ప్రోటీన్‌తో అందుకుని, అటు చిక్కిన క్యాన్సర్ కణాన్ని చంపుతాయి. ఆ గ్రాహకాన్ని తయారుచేసేది ఈ జన్యువే. గ్రాహకంలో 158వ స్థానంలో కొందరికి వాలీన్, కొందరికి ఫినైల్ అలనీన్ అనే ఎమినో ఆమ్లం (ప్రోటీన్‌ను కట్టే ఇటుకలాంటిది) ఉంటుంది. వాలీన్ ఉంటే పట్టు గట్టిగా ఉంటుంది. తేడా అంతే, ఒక్క ఎమినో ఆమ్లం.

2002లో ఫ్రాన్స్ పరిశోధకులు కీమో లేకుండా రిటుక్సిమాబ్ మాత్రమే తీసుకున్న 49 మంది ఫాలిక్యులర్ లింఫోమా రోగులను గమనించారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ వాలీన్ రకమే వచ్చినవారిలో ఏడాది తర్వాత 90 శాతం మందికి మందు పనిచేస్తూనే ఉంది. మిగతావారిలో అది 51 శాతమే. అయితే ఆ మొదటి గుంపులో ఉన్నది పదిమందే. తర్వాత కీమోతో కలిపి రిటుక్సిమాబ్ ఇచ్చిన ప్రైమా అనే పెద్ద అధ్యయనంలో ఈ తేడా కనిపించలేదు. కీమో తన పని తాను చేస్తున్నప్పుడు గ్రాహకం పట్టులోని చిన్న తేడా మరుగున పడి ఉండొచ్చు.

ఇంటర్‌ల్యూకిన్-10, టీఎన్ఎఫ్ లాంటి సంకేత ప్రోటీన్ల జన్యువుల్లోనూ ఇలాంటి తేడాలున్నాయి. కొన్ని రకాలున్నవారు ఎక్కువకాలం బతికారని కొన్ని అధ్యయనాలు చెబితే, మరికొన్నిటిలో అది రుజువు కాలేదు. చిన్న గుంపులో కనిపించినదాన్ని పెద్ద గుంపులో సరిచూసేదాకా నమ్మకూడదని నా అభిప్రాయం.

ఇదంతా చదివి "నాది ఏ రకమో" అని టెన్షన్ పడనక్కర్లేదు. ఫినైల్ అలనీన్ రకం జబ్బు కాదు, లోపం కాదు. కోట్లాదిమంది ఆరోగ్యవంతుల్లో ఉన్నదే. రిటుక్సిమాబ్ ఇవ్వడానికి ముందు ఈ పరీక్ష చేయించడం చికిత్సలో మామూలుగా జరిగేది కూడా కాదు.

రోగి జన్యువును మార్చలేం, మందును మార్చగలం. యాంటీబాడీకి అంటుకుని ఉండే ఫ్యూకోజ్ అనే చక్కెరను తగ్గిస్తే, రెండు రకాల గ్రాహకాలూ దాన్ని మరింత గట్టిగా పట్టుకుంటాయి. అలా తయారైనదే ఒబినుటుజుమాబ్. 1,202 మంది ఫాలిక్యులర్ లింఫోమా రోగులతో జరిగిన గాలియం అధ్యయనంలో కీమోతో కలిపి ఇచ్చినప్పుడు, జబ్బు ముదరకుండా ఆపడంలో రిటుక్సిమాబ్ కంటే ఇదే మెరుగని తేలింది. 2017లో ఆ ఫలితాలు వెలువడే నాటికి, రెండు గుంపులవారూ ఎంతకాలం బతికారన్న దగ్గర మాత్రం స్పష్టమైన తేడా రాలేదు.