వలస కూలీకి పూచీ ఎవరు?

2020 మే 28న సుప్రీంకోర్టు ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. సొంత ఊళ్లకు తిరిగి వెళ్తున్న వలస కూలీల దగ్గర రైలు ఛార్జీ గానీ బస్సు ఛార్జీ గానీ వసూలు చేయకూడదని, ఆ ఖర్చు రాష్ట్రాలు పంచుకోవాలని చెప్పింది. అక్కడితో ఆగలేదు. రైలెక్కే స్టేషన్లో అన్నం, నీళ్లు ఆ రాష్ట్రం పెట్టాలి. రైలు కదిలాక రైల్వే పెట్టాలి. దిగాక ఊరికి చేర్చే బాధ్యత సొంత రాష్ట్రానిది. లాక్‌డౌన్ మొదలై అప్పటికి రెండు నెలలు దాటింది. ప్లాట్‌ఫారం మీద ఆకలి ఎవరిది, పట్టాల మీద ఆకలి ఎవరిది అని దేశంలోని పెద్ద కోర్టు కూర్చుని పంచవలసి వచ్చిందంటే, అంతవరకూ ఆ మనిషి ఎవరి లెక్కలోనూ లేడన్నమాట.

రాజ్యాంగం ఈ విషయాన్ని పట్టించుకోలేదా అంటే, పట్టించుకుంది. ఏడో షెడ్యూల్లోని కేంద్ర జాబితాలో 81వ అంశం ఇలా ఉంటుంది: అంతర్రాష్ట్ర వలస, అంతర్రాష్ట్ర క్వారంటైన్. రెండూ ఒకే పద్దులో, రెండూ కేంద్రం చేతిలో. డెబ్బై ఏళ్ల తర్వాత ఆ రెండూ ఒకే వారంలో ఒకే రోడ్డు మీద ఎదురుపడతాయని అప్పట్లో ఎవరూ అనుకుని ఉండరు. కార్మిక సంక్షేమం ఉమ్మడి జాబితాలో ఉంది. ప్రజారోగ్యం రాష్ట్రాలది. 1992 నాటి 74వ సవరణ మురికివాడల అభివృద్ధిని, పట్టణ పేదరిక నిర్మూలనను నగరపాలక సంస్థల పనుల పట్టికలో చేర్చింది. ఒడిశా నుంచి హైదరాబాద్ వచ్చిన తాపీ కూలీ ఈ నాలుగింటిలోనూ ఉన్నాడు కాబట్టి ప్రతి కార్యాలయమూ అతన్ని పక్క కార్యాలయానికి చూపించగలదు.

మన పెద్దలు దీన్ని అవతలి వైపు నుంచి అనుభవించారు. నిజాం రాజ్యం నుంచి బొంబాయి వెళ్లిన తెలుగు కూలీలు కామాఠీలు. కామాఠీపురాకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. కోస్తా నుంచి ఓడల్లో బర్మా వెళ్లినవాళ్లను అక్కడ కోరంగీలు అనేవారు. రంగూన్ రేవులో సరుకు దించే పని చాలావరకు వాళ్లదే. పనికి కుదిర్చేదీ, కూలి పంచేదీ, అప్పు పెట్టేదీ మేస్త్రీ. కంపెనీకి మేస్త్రీ తెలుసు గానీ కూలీ తెలియదు. 1930 మేలో కూలి పెంచమని వాళ్లు సమ్మెకు దిగితే కంపెనీలు బర్మీయులను పనిలో పెట్టుకున్నాయి, రాజీ కుదరగానే వాళ్లను తీసేశాయి. ఆ కోపం కంపెనీల మీదకు వెళ్లలేదు. రంగూన్ వీధుల్లో తెలుగు కూలీలను వెంటాడి చంపారు.

స్వాతంత్ర్యం వచ్చాక మేస్త్రీ పోలేదు, ఊళ్లు మారాయి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా రాయి కొట్టడానికీ మట్టి మోయడానికీ పాలమూరు కూలీలు కనిపించేవారు. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. పని అయ్యేదాకా ఆ బాకీ తీరేది కాదు. ఒడిశాలో ఇదే పద్ధతికి దాదన్ అని పేరు. అక్కడి ప్రభుత్వం 1975లో దాదన్ కూలీల చట్టం చేసింది. కానీ కూలీని తీసుకుపోయే ఏజెంటు రాష్ట్రం సరిహద్దు దాటగానే ఆ చట్టం చేతికి అందడు. 1976లో రాష్ట్రాల కార్మిక మంత్రుల సమావేశం ఈ చిక్కును ముందుకు తెచ్చింది, ఒక కమిటీ వేశారు. దాని ఫలితమే 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం. 1980 అక్టోబర్ 2న అమల్లోకి వచ్చింది.

ఆ చట్టాన్ని ఇప్పుడు చదివినా ముచ్చటేస్తుంది. కాంట్రాక్టరు రెండు చోట్లా లైసెన్సు తీసుకోవాలి, మనుషులను తీసుకొచ్చే రాష్ట్రంలో ఒకటి, పని చేయించే రాష్ట్రంలో ఒకటి. ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాలి. అందులో పని స్థలం, ఎన్నాళ్లు, కూలి ఎంత, ఎలా ఇస్తారు, ఏమేం కోస్తారు, తిరుగు ప్రయాణం ఛార్జీ ఎంత అన్నీ ఉండాలి. హిందీ, ఇంగ్లీషు రాని కూలీ అయితే అతని భాషలోనూ రాయాలి. నెల కూలిలో సగం గానీ 75 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది, ఊరు విడిచి వచ్చినందుకు భత్యంగా ఇవ్వాలి. వసతి, ఉచిత వైద్యం, దారి ఖర్చు ఇవ్వాలి. మనిషి చనిపోతే రెండు రాష్ట్రాల అధికారులకూ, ఇంటివాళ్లకూ కబురు చేయాలి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలి. (ఆ 75 రూపాయల అంకెను ఆ తర్వాత సవరించిన పుణ్యాత్ముడు లేడు.)

మెలిక నిర్వచనంలో ఉంది. కాంట్రాక్టరు ద్వారా వస్తేనే వలస కార్మికుడు. అయిదుగురు ఉంటేనే చట్టం. బావమరిదిని వెంటబెట్టుకుని జనరల్ బోగీలో వచ్చి పొద్దున్నే లేబర్ అడ్డా మీద నిలబడేవాడు ఈ చట్టానికి కనిపించడు. గుంపుతో వచ్చినా, తీసుకొచ్చినవాడు కాగితం మీద కాంట్రాక్టరు కాడు, వాళ్లలోనే ఒక కూలీ. బాధ్యతనంతా ఒక లైసెన్సుకు తగిలించారు. లైసెన్సు తీసుకోకుండా ఉంటే బాధ్యతా ఉండదని నగరాలు త్వరగానే గ్రహించాయి.

చట్టం వచ్చిన రెండేళ్లకే ఢిల్లీలో దాని బండారం బయటపడింది. 1982 ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు హడావుడిగా కడుతున్నారు. పనివాళ్లు రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు. కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టరు ఆ మొత్తం కూలీలను కుదిర్చిన జమాదారుకు ఇచ్చేవాడు. జమాదారు ఒక రూపాయి కమిషన్ పట్టుకుని ఎనిమిదింపావలా కూలీ చేతిలో పెట్టేవాడు. ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలు వెళ్లి చూసి వచ్చారు. వాళ్ల పరిశీలన ఆధారంగా ఒక పౌరహక్కుల సంఘం రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. వాళ్లు మా పనివాళ్లు కారు, కాంట్రాక్టర్ల పనివాళ్లు అని ప్రభుత్వం తరఫున వాదించారు. జస్టిస్ భగవతి ఒప్పుకోలేదు. పని కాంట్రాక్టుకు ఇచ్చినంత మాత్రాన చట్టం అమలవుతున్నదో లేదో చూసే బాధ్యత పోదని, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం 23వ అధికరణ నిషేధించిన వెట్టేనని తీర్పు చెప్పారు. ఆ తీర్పు 1982 సెప్టెంబర్‌లో వచ్చింది, క్రీడలు నవంబర్‌లో మొదలయ్యాయి. వలస కార్మికుల చట్టాన్ని అమలు చేసే అధికారం ఢిల్లీ పాలనాధికారికి ఆ ఏడాది మధ్యలో గానీ అందలేదని కూడా ఆ కేసులోనే తేలింది.

బొంబాయి మరో దారి తొక్కింది. 1981 జూలైలో ముఖ్యమంత్రి ఏ.ఆర్. అంతులే పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్లను ఖాళీ చేయించి సొంత ఊళ్లకు పంపుతామని ప్రకటించారు. పని కావాలి, పని చేసే మనిషి మాత్రం ఊరికి పోవాలి. కేసు నాలుగేళ్లు నడిచింది. 1985లో సుప్రీంకోర్టు బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని ఒప్పుకుంది, కానీ వానాకాలం అయ్యాక ఖాళీ చేయించవచ్చునంది. న్యాయశాస్త్ర పాఠాల్లో మొదటి సగమే ఎక్కువగా వినిపిస్తుంది.

డబ్బు ఎక్కడి నుంచి రావాలనే దానికి కాస్త తిన్నని జవాబు 1996లో దొరికింది. నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సుగా వసూలు చేసి సంక్షేమ బోర్డుకు ఇవ్వాలి. నగరం పెరుగుతున్న కొద్దీ ఆ నిధీ పెరుగుతుంది. నా దృష్టిలో ఇంతకంటే న్యాయమైన సూత్రం లేదు: ఎవరి మేడ లేస్తున్నదో వాళ్ల జేబులోంచే. కానీ బోర్డులో పేరు నమోదు కావాలంటే గడిచిన 12 నెలల్లో 90 రోజులు ఈ పని చేసినట్టు చూపించాలి. మూడు నెలలకో సైటు, సైటుకో మేస్త్రీ మారే మనిషికి ఆ కాగితం ఎవరిస్తారు? 2018లో జస్టిస్ మదన్ లోకూర్ ధర్మాసనం లెక్క తీస్తే దేశమంతటా వసూలైంది 37,400 కోట్ల రూపాయలకు పైమాట, ఖర్చయింది సుమారు 9,500 కోట్లు. ఆ ఖర్చులో లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కూడా ఉన్నాయని తెలిసి ధర్మాసనం విస్తుపోయింది. 2020 మార్చిలో కార్మికులకు సాయం చేయండని కేంద్రం రాష్ట్రాలకు చెప్పినప్పుడు బోర్డుల దగ్గర ఉందన్న సెస్సు నిధి 52 వేల కోట్లు. అది పేరు నమోదైనవాళ్లకే. రోడ్డు మీద నడుస్తున్నవాళ్లలో చాలామందికి పేరే లేదు.

మధ్యలో రాష్ట్రాలు తమలో తాము కొన్ని ఏర్పాట్లు చేసుకోకపోలేదు. బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి మన ఇటుక బట్టీలకు కుటుంబాలతో సహా వచ్చేవాళ్ల కోసం ఒడిశా నుంచి పాఠ్యపుస్తకాలు తెప్పించి బట్టీల దగ్గర ఒడియా బడులు పెట్టారు. మంచి పనే. అదే కాలంలో, 2013 డిసెంబర్‌లో, ఆంధ్రప్రదేశ్‌కు పనికి రావడానికి ఇష్టపడక తప్పించుకోబోయిన ఇద్దరు ఒడిశా కూలీల అరచేతులు ఏజెంటు మనుషులు నరికేశారు. మరుసటి ఏడాది జూన్‌లో చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు. ఇక్కడ మనం పని ఇచ్చే రాష్ట్రం, అక్కడ మనం శవాలు తెచ్చుకునే రాష్ట్రం.

లాక్‌డౌన్ ఈ చరిత్రనంతా ఒక్కసారిగా బయట పడేసింది. 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ రాష్ట్రాల సరిహద్దులు మూయమంది, యజమానులు పూర్తి జీతం ఇవ్వాలంది, ఇంటి యజమానులు నెల రోజులు అద్దె అడగకూడదంది. ఏ యజమాని? అడ్డా కూలీకి ఏ రోజు యజమాని ఆ రోజుకే. కంపెనీలు కోర్టుకెక్కాయి, మే నెలలో జీతం ఆదేశాన్ని కేంద్రమే వెనక్కు తీసుకుంది. తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డు లేని వలస కూలీలకు తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. వాళ్లు మన అభివృద్ధిలో భాగస్వాములని అప్పటి ముఖ్యమంత్రి అన్నారు. ఆ మాట అన్నందుకు మెచ్చుకోవాలి. కానీ నెల తిరిగేసరికే సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు జీతాలివ్వండి, ఇంటికి పంపండి అంటూ తిరగబడ్డారు, పోలీసుల వాహనం ధ్వంసమైంది. అది ఏప్రిల్ 29. రెండు రోజులు తిరగకుండానే, మే 1 తెల్లవారుజామున, వలస కూలీలను ఇళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది లింగంపల్లి నుంచి సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. రైలు ఇవ్వడం సాధ్యం కాకపోవడమనేది ఎప్పుడూ లేదు, అడిగేవాళ్ల గొంతు వినపడవలసి వచ్చింది.

సెప్టెంబర్‌లో పార్లమెంటులో దారిలో ఎంతమంది చనిపోయారని అడిగితే, అలాంటి లెక్క పెట్టలేదని కార్మిక శాఖ జవాబు చెప్పింది. లెక్క లేదు కాబట్టి పరిహారం ప్రశ్న రాదు. 40 ఏళ్లుగా పాస్‌బుక్కు ఇవ్వమన్న చట్టం ఉన్న దేశంలో ఇచ్చిన జవాబు ఇది.

ఆ తర్వాత కదలిక వచ్చిన మాట నిజం. ఎక్కడి కార్డుతోనైనా ఎక్కడైనా రేషన్ తీసుకునే పద్ధతిని రాష్ట్రాల మధ్య మొదట పరీక్షించింది 2019 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల జంటలో, గుజరాత్, మహారాష్ట్రల జంటలో. 2021లో సుప్రీంకోర్టు గడువు పెట్టి అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలంది. అదే ఏడాది ఆగస్టులో అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ పోర్టల్ మొదలైంది, ఇప్పుడు 30 కోట్లకు పైగా పేర్లున్నాయి. బియ్యం వరకు మనిషి వెంట కేంద్రం డబ్బు నడుస్తోంది. గది అద్దె, పిల్లల బడి, ఆసుపత్రి విషయంలో ఇంకా నడవడం లేదు. 81వ అంశం చేతిలో ఉన్న కేంద్రం చేయవలసిన అసలు పని అదే.

నగరం ఎందుకు కదలదంటే, ఓటు ఊళ్లో ఉంటుంది కాబట్టి. కార్పొరేటర్‌కు పంచాయతీలో ఓటున్న మనిషితో పనేమిటి? పని ఊరి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసే యంత్రాన్ని 2023 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీలకు చూపించబోయింది. ప్రతిపక్షాలు అభ్యంతరం చెప్పాయి, వ్యవహారం అక్కడే నిలిచిపోయింది. అది వచ్చి ఉన్నా ఓటు ఊరి నాయకుడికే పడేది, హైదరాబాద్ కార్పొరేటర్‌కు కాదు.

2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 1979 చట్టం చరిత్రలో కలిసింది. కొత్త కోడ్‌లో మేలు లేకపోలేదు. కాంట్రాక్టరుతో నిమిత్తం లేకుండా తానే వచ్చి పనిలో కుదిరినవాడు కూడా, నెల జీతం 18 వేలు మించకపోతే, వలస కార్మికుడే. నిర్మాణ కార్మికుల ప్రయోజనాలు రాష్ట్రం మారినా వర్తించేలా పథకాలు చేయాలనీ రాశారు. ఊరు విడిచినందుకు ఇచ్చే భత్యం మాత్రం ఎగిరిపోయింది. అయిదుగురు వలస కార్మికులుంటే వర్తించే చట్టం ఇప్పుడు పదిమందికి పెరిగింది. కాంట్రాక్టరుకు లైసెన్సు కావాలంటే 50 మంది ఉండాలి. 49 మందిని వెంటబెట్టుకుని సికింద్రాబాద్‌లో రైలు దిగే మేస్త్రీకి ఏ లైసెన్సూ అక్కర్లేదు, నగరాల్లో పనికి వచ్చే గుంపులు చాలావరకు అంతకంటే చిన్నవే.