ఆస్ట్రేలియా రంగస్థలం నుంచి రచయిత్రులు ఎటు పోయారు? జవాబు 1944లో ఉంది

ఆస్ట్రేలియాలో పెద్ద థియేటర్ కంపెనీలు వచ్చే ఏడాది సీజన్ జాబితా ప్రకటించినప్పుడల్లా ఒకే ప్రశ్న లేస్తుంది. ఇందులో రచయిత్రులు ఎందరు? కొత్త నాటకాల విషయంలో కంపెనీలు ఏదో ఒక లెక్క చూపిస్తున్నాయి. పాత నాటకాల పునఃప్రదర్శనల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎప్పుడూ చెప్పే మాటే చెబుతాయి: ఆ కాలంలో ఆడవాళ్లు రాసినవి, ఇవాళ టికెట్ పెట్టి ఆడదగ్గవి పెద్దగా లేవని. ఈ మాట ఎంతవరకు నిజమో తేల్చాలంటే వలసకాలపు నాటకశాలల చరిత్ర తిరగేయనక్కర్లేదు. 1944 ఫిబ్రవరిలో ఏం జరిగిందో చూస్తే చాలు.

ఆ నెలలో ప్రభుత్వ ప్రసార సంస్థ ఆస్ట్రేలియన్ బ్రాడ్‌కాస్టింగ్ కమిషన్, అంటే ఏబీసీ, 'ద లాసన్స్' అనే రేడియో ధారావాహిక మొదలుపెట్టింది. రాసింది గ్వెన్ మెరెడిత్. అప్పటికామె వయసు 36. 1930లలో సిడ్నీలో పుస్తకాల దుకాణం నడుపుతూ, దాని చుట్టూ ఒక నాటక బృందాన్ని పెంచి, ఆ బృందం కోసమే రాయడం నేర్చుకున్న మనిషి. 'వైవ్స్ హ్యావ్ దెయిర్ యూజెస్', 'షౌట్ ఎట్ ద థండర్' ఆమె రంగస్థల నాటకాలే. యుద్ధకాలం కావడంతో వ్యవసాయ సమాచారం పల్లెలకు చేరాలి, కానీ రైతులు ఉపన్యాసాలు వినరు. ఆ సమాచారాన్ని ఒక రైతు కుటుంబం కథలో కలిపి చెప్పమని ఏబీసీ ఆమెను అడిగింది. బ్రిటన్‌లో ఇదే పని చేసిన 'ద ఆర్చర్స్' దేశమంతటా ప్రసారం కావడానికి ఇది ఏడేళ్ల ముందు సంగతి.

ఈ పని బరువు అంకెల్లో చూడాలి. ఎపిసోడ్ నిడివి పావుగంట. సంగీతం, అనౌన్సర్ మాటలు పోగా మిగిలే 13 నిమిషాలకు ఇంగ్లిషులో సుమారు 2,000 పదాల సంభాషణ కావాలి. 'ద లాసన్స్' అయిదేళ్లలో 1,299 ఎపిసోడ్లు నడిచింది. అంటే వారానికి అయిదు, వారానికి దాదాపు 10,000 పదాలు. పూర్తి నిడివి రంగస్థల నాటకం సుమారు 20,000 పదాలు ఉంటుందనుకుంటే, రెండు వారాలకో నాటకం రాసినంత శ్రమ. 1949 ఫిబ్రవరి చివరలో 'ద లాసన్స్' ముగిసింది. మధ్యలో శని, ఆదివారాలు మాత్రమే గడిచాయి, సోమవారం నుంచి 'బ్లూ హిల్స్' మొదలైంది. అది 1976 సెప్టెంబర్ 30 దాకా, 5,795 ఎపిసోడ్లు సాగింది. రెండూ కలిపి 7,094. అన్నీ ఒక్క మనిషి రాసినవే.

ఇంత రాసిన చేతికి రంగస్థల నాటకం రాసే తీరిక ఎక్కడిది? రేడియోకు వెళ్లడం ఆమె సొంత ఎంపికే కదా అని థియేటర్ కంపెనీల తరఫువాళ్లు అంటారు. ఎంపికే. అయితే అప్పుడు ఆమె ముందున్న రెండో దారి ఎలా ఉండేదో కూడా చూడాలి. వృత్తి రంగస్థలం చాలావరకు జె.సి. విలియమ్‌సన్ సంస్థ చేతిలో ఉండేది. లండన్, న్యూయార్క్‌లలో ఆడి డబ్బు చేసిన నాటకాలనే ఆ సంస్థ దిగుమతి చేసుకునేది. ఆర్థికమాంద్యం, టాకీలు కలిసి మిగిలిన హాళ్లను సినిమాలకు అప్పగించాయి. స్వదేశీ నాటకానికి దిక్కు ఔత్సాహిక సమాజాలే. డోరిస్ ఫిట్టన్ 1930లో సిడ్నీలో పెట్టిన ఇండిపెండెంట్ థియేటర్, వామపక్ష న్యూ థియేటర్ అలాంటివే. ఇలాంటి చోట్ల నాటకం కొద్ది రాత్రులు ఆడితే గొప్ప. రచయితకు మిగిలేది చప్పట్లే. రేడియో మాత్రం ప్రతి స్క్రిప్టుకూ డబ్బిచ్చేది. ఇల్లు గడవాలనుకున్న నాటక రచయిత, మగైనా ఆడైనా, అటే నడవాలి.

మగవాళ్లకు నటన, దర్శకత్వం, కంపెనీ నిర్వహణ ద్వారా రంగస్థలంలోకి తిరిగివచ్చే తలుపులు ఇంకొన్ని ఉండేవి. తేడా అక్కడే వచ్చిందని 1955 చెబుతుంది.

ఆ ఏడాది, స్వదేశీ నాటకాలను ప్రోత్సహించే ప్లేరైట్స్ అడ్వైజరీ బోర్డు పెట్టిన పోటీలో మొదటి బహుమతి రెండు నాటకాలు పంచుకున్నాయి. ఒకటి రే లాలర్ రాసిన 'సమ్మర్ ఆఫ్ ద సెవెంటీన్త్ డాల్', రెండోది ఒరియల్ గ్రే రాసిన 'ద టోరెంట్స్'. మొదటిది ఆస్ట్రేలియాలో బడి పిల్లలకూ తెలుసు. రెండోదాని పేరు నాటకాల మనుషుల్లోనే చాలామంది 2019 దాకా వినలేదు.

'డాల్' గొప్ప నాటకం, అందులో వాదన లేదు. కానీ బహుమతి తర్వాత రెండు స్క్రిప్టులూ నడిచిన దారులు చూడండి. లాలర్ అప్పటికే మెల్‌బోర్న్ యూనియన్ థియేటర్ రెపర్టరీ కంపెనీలో నటుడు, దర్శకుడు. ఆ కంపెనీని స్థాపించిన జాన్ సమ్నర్, దేశంలో రంగస్థల కళలకు అండగా అంతకు ముందు ఏడాది పుట్టిన ఎలిజబెతన్ థియేటర్ ట్రస్టులో పనిచేస్తున్నారు. 1955 నవంబర్ 28న అదే కంపెనీ, అదే సమ్నర్ దర్శకత్వంలో 'డాల్' ఆడింది. లాలర్ స్వయంగా బార్నీ వేషం కట్టారు. మరుసటి జనవరిలో ట్రస్టు అండతో సిడ్నీ, 1957లో బ్రిటిష్ నటుడు లారెన్స్ ఒలివియర్ చొరవతో లండన్, తర్వాత న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే.

గ్రే దారి వేరు. ఆమె సిడ్నీ న్యూ థియేటర్‌లో పెరిగిన రచయిత్రి. అక్కడ 1940లలోనే 'లాసన్', 'వెస్టర్న్ లిమిట్' రాశారు. కమ్యూనిస్టు పార్టీలో పనిచేసి, 1950 ప్రాంతంలో బయటికి వచ్చేశారు. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో న్యూ థియేటర్ అంటే సిడ్నీ పెద్ద పత్రికలు సమీక్ష కూడా వేసేవి కావు. పార్టీ వదిలినవాళ్లంటే ఆ శిబిరంలోనూ ఆదరణ తగ్గేది. ట్రస్టు లోపల గ్రే నాటకాన్ని భుజాన వేసుకోవడానికి ఒక సమ్నర్ లేరు. 'ద టోరెంట్స్'కు ఔత్సాహిక ప్రదర్శనలు దక్కాయి, 1969లో ఏబీసీ టెలివిజన్‌లో వచ్చింది. వృత్తి కంపెనీ వేదిక మీదికి రావడానికి 1996 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా గ్రే ఏబీసీ టీవీ ధారావాహిక 'బెల్‌బర్డ్'కు ఏళ్ల తరబడి రాశారు. ప్రసారమాధ్యమం దగ్గర వారం వారం స్క్రిప్టు పని, రంగస్థలం దగ్గర నిరీక్షణ. మెరెడిత్‌కు 1944లో జరిగినదే.

'టోరెంట్స్' పాతబడిన నాటకం కాబట్టే పక్కన పెట్టారనేది కంపెనీల పక్షం వాదన. కథ 1890లలో, బంగారం తరిగిపోతున్న ఊరి పత్రికాఫీసులో జరుగుతుంది. జె.జి. మిల్‌ఫర్డ్ అనే కొత్త ఉద్యోగి కోసం అందరూ ఎదురుచూస్తుంటే వచ్చేది జెన్నీ అనే యువతి. గనుల తర్వాత ఊరు బతకాలంటే సాగునీరు కావాలని ఒక ఇంజినీరు, వద్దని గనుల పెత్తందారు. మూడంకాలు, ఒకే గది, అంకం చివర ఒక మలుపు: నిర్మాణం పాతదే, ఒప్పుకోవాలి. అయితే 'డాల్'ది కూడా ఒకే గదిలో నడిచే మూడంకాల నిర్మాణమే. పాతబడిందని ఒకదానికి అడ్డుపడిన రూపం, రెండోదానికి ఎందుకు అడ్డుపడలేదో ఈ పక్షం చెప్పదు. నీళ్లా గనులా అన్న తగువు ఇవాళ్టి ఆస్ట్రేలియాకు 'డాల్' చెప్పే చెరకు కోతగాళ్ల సెలవుల కథ కంటే ఏమంత దూరం కూడా కాదు.

రేడియోకు పోయిన నాటకం తిరిగి వేదికకు ఎందుకు రాదన్నది మాత్రం అసలైన చిక్కు. రేడియోలో మాట్లాడని పాత్ర లేనట్టే. అందుకే అయిదు నిమిషాలకోసారి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటారు. ఒక దృశ్యంలో నాలుగైదు గొంతులు దాటితే వినేవాడికి తికమక, అందులోనూ ఒకే వయసు ఆడగొంతులు రెండుంటే ఎవరు ఎవరో తెలియదు. తలుపు, పళ్లెం, గుర్రపు డెక్కలు మాటల్లోకో చప్పుడులోకో రావాలి. ధారావాహికలో ప్రతి ఎపిసోడ్ మొదట్లో నిన్నటి కథ గుర్తు చేయాలి, చివర రేపటికి ఒక కొక్కెం వేయాలి. ఈ స్క్రిప్టును ఉన్నదున్నట్టు వేదిక మీద ఆడితే నటులు కళ్లెదుటే ఉన్న వస్తువును వర్ణిస్తున్నట్టు ఉంటుంది. పునఃప్రదర్శన కావాలంటే సగానికి సగం తిరగరాయాలి. అందుకు హక్కులు, డబ్బు, ఓపిక ఉన్న నాటకసంపాదకుడు కావాలి.

పైగా మూలాలే తక్కువ. చాలా ప్రసారాలు ప్రత్యక్షంగా పోయేవి. డిస్కుల మీద, తర్వాత టేపుల మీద ఎక్కించినవాటినీ దాచిపెట్టే అలవాటు లేదు, టేపు చెరిపి మళ్లీ వాడేవారు. 'బ్లూ హిల్స్' అంతటి ధారావాహికకే మిగిలిన రికార్డింగులు కొన్ని. నాటకాల అచ్చుకు అంకితమైన కరెన్సీ ప్రెస్ 1971లో గానీ పుట్టలేదు. విశ్వవిద్యాలయాలు సిలబస్ తయారు చేసేది అచ్చయిన పుస్తకాల నుంచి, కంపెనీలు 'క్లాసిక్' అని ఏరేది సిలబస్ నుంచి. ఈ వరసలో రేడియో రచయిత్రి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. అచ్చయిన రంగస్థల రచయిత్రులకూ ఎదురైన ఆలస్యం చిన్నది కాదు: కాథరిన్ సుసానా ప్రిచర్డ్ 'బ్రంబీ ఇన్నెస్' 1927లో పోటీ గెలిచింది, మొదటిసారి ఆడింది 1972లో.

2012లో ప్రభుత్వ కళల సంస్థ ఆస్ట్రేలియా కౌన్సిల్ వేయించిన 'విమెన్ ఇన్ థియేటర్' నివేదిక, 2001 నుంచి పదేళ్లలో సృజనాత్మక నాయకత్వంలో మహిళల పరిస్థితి ముందుకు కదల్లేదని తేల్చింది. తర్వాత వచ్చిన ఒత్తిడిలోనే 2019లో బ్లాక్ స్వాన్, సిడ్నీ థియేటర్ కంపెనీలు కలిసి క్లేర్ వాట్సన్ దర్శకత్వంలో, సీలియా పకోలా జెన్నీగా 'ద టోరెంట్స్'ను పెర్త్‌లోనూ సిడ్నీ ఒపెరా హౌస్‌లోనూ ఆడించాయి. గ్రే 2003లోనే పోయారు, మెరెడిత్ 2006లో.

నివేదిక వచ్చిన ఆ 2012లోనే ఏబీసీ తన రేడియో నాటక కార్యక్రమం 'ఎయిర్‌ప్లే'ను ఆపేస్తున్నట్టు ప్రకటించింది.