కట్టు విప్పాక మర్చిపోయే జబ్బు: ఎముకలు గుల్లబారడంపై అపోహలు - వాస్తవాలు

కిందటి నెల 63 ఏళ్ల ఆవిడ ఒకరు తుంటి విరిగి మా వార్డులో చేరారు. మెట్ల మీంచి పడలేదు, బండి గుద్దలేదు. మంచం దిగుతూ తూలి కూలబడ్డారు, అంతే. పాత కాగితాలు తిరగేస్తే ఎనిమిదేళ్ల కిందట మణికట్టు విరిగినట్టు ఉంది. అప్పుడూ నిలబడ్డచోటే పడ్డారట. ఆరు వారాలు కట్టు ఉంచారు, విప్పారు, ఇంటికి పంపేశారు. ఆ చిన్న దెబ్బకే ఎముక ఎందుకు విరిగిందని ఎవరూ అడగలేదు. ఎముకల డాక్టరుగా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

అపోహ: వయసు మీద పడ్డాక పడితే ఎముక విరగడం మామూలే.

మామూలు కాదు. నిలబడ్డ ఎత్తు నుంచి పడితే గట్టి ఎముక సాధారణంగా తట్టుకోవాలి. 50 దాటాక అలా విరిగిందంటే ఎముక గుల్లబారిందేమో చూడాల్సిందే. ఒకసారి విరిగినవాళ్లకు మళ్లీ విరిగే ప్రమాదం సుమారు రెట్టింపు. అందులోనూ మొదటి రెండేళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. విరిగిన ఎముకను అతికించడం సగం పనే. మిగతా ఎముకల సంగతేంటని మీ డాక్టరును మీరే అడగండి.

అపోహ: నాకు నొప్పుల్లేవు, కాబట్టి ఎముకలు బాగానే ఉన్నాయి.

మోకాళ్ల నొప్పి కీళ్ల అరుగుదల వల్ల వస్తుంది, అది వేరే జబ్బు. ఎముక పల్చబడుతున్నప్పుడు నొప్పి ఉండదు. వెన్నుపూసలు అణిగిపోయినా మూడింట రెండొంతుల మందికి ఆ సంగతే తెలియదు.

అందుకే నేను ఓపీలో ప్రతి పెద్దావిడనూ గోడకు ఆనించి ఎత్తు కొలుస్తాను. "నేను ఐదడుగుల రెండంగుళాలండీ" అన్న ఒకావిడ సరిగ్గా ఐదడుగుల దగ్గర ఆగారు. జాకెట్లు వీపు దగ్గర పైకి లేస్తున్నాయని, కుట్టేవాళ్ల తప్పనుకున్నానని చెప్పారు. ఎక్స్‌రే తీస్తే మూడు పూసలు ముందువైపు అణిగి ఉన్నాయి. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే 4 సెంటీమీటర్లు తగ్గితే చూపించుకోవాలి.

అపోహ: రోజూ కాల్షియం మాత్ర వేసుకుంటున్నాను, ఇక భయం లేదు.

ఎముకలో పాతదాన్ని తినేసే కణాలు, కొత్తగా కట్టే కణాలు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. సుమారు 30 ఏళ్ల దాకా కట్టేవాటిది పైచేయి. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను తగ్గి, తినే కణాలకు పగ్గం తెగిపోతుంది. మొదటి ఐదు నుంచి ఏడేళ్లలోనే కొందరికి ఎముక 20 శాతం దాకా పోవచ్చు. కాల్షియం మాత్ర ఒక్కటే దాన్ని ఆపలేదు. తిండితో కలిపి రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు చాలు, అదీ ఒక్కసారికి 500 మించకుండా.

డి విటమిన్ కూడా అంతే, ఎక్కువైతే మంచిదని కాదు. ఏడాదికోసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన అధ్యయనంలో పడిపోవడాలు, ఫ్రాక్చర్లు తగ్గకపోగా పెరిగాయి.

అపోహ: ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు.

ఎక్స్‌రేలో కనపడేసరికే సుమారు 30 శాతం ఎముక పోయి ఉంటుంది. చేయించాల్సింది తుంటికి, నడుముకు డెక్సా స్కాన్, అంటే ఎముక సాంద్రత కొలిచే పరీక్ష. మీ ఎముకను ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి చెప్పే టి స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే కిందగానీ ఉంటే గుల్లబారినట్టే. మడమ మీద పెట్టి చూసే మిషన్‌తో జబ్బు నిర్ధారించకూడదు.

అపోహ: ఇది ఆడవాళ్ల జబ్బు.

50 దాటిన మగవాళ్లలో ఐదుగురిలో ఒకరికి ఇలాంటి ఫ్రాక్చర్ అవుతుంది. మూడు నెలలకు మించి స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు ఆడైనా మగైనా ఎముకల సంగతి అడగాలి.

అపోహ: ఎముకలు గుల్లబారడానికి ఇచ్చే మందులు వాడితే దవడ ఎముక చచ్చిపోతుంది.

ఈ టెన్షన్‌తో మందు మానేసి, తుంటి విరిగాక తిరిగొచ్చినవాళ్లను చూశాను. ఈ మందుల వల్ల దవడ సమస్య, తొడ ఎముక విరగడం రెండూ రావడం నిజమే, కానీ చాలా అరుదు. పళ్లు పీకించేది ఉంటే ముందే పీకించుకోండి, తొడలో కొత్త నొప్పి వస్తే చెప్పండి. వారానికో మాత్రను పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి. మూడు నుంచి ఐదేళ్ల తర్వాత విరామం ఇవ్వొచ్చా అని డాక్టరు చూస్తారు. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజక్షన్ విషయంలో మాత్రం తేదీ దాటనివ్వకండి. సొంతంగా ఆపేస్తే ఎముక వేగంగా కరిగి ఒకేసారి రెండు మూడు పూసలు విరగొచ్చు.

తుంటి విరిగిన ఆవిడకు ఆపరేషన్ అయింది. ఏడాదికోసారి ఎక్కించే మందు తేదీని డిశ్చార్జి కాగితం మీద పెద్దక్షరాలతో నేనే రాశాను. కూతురు గుమ్మం దగ్గర ఆగి, "నేనూ చూపించుకోవాలా డాక్టర్‌గారూ?" అంది. అమ్మకు తుంటి విరగడం కూతురికీ ఒక ముప్పు సూచనే. ఆ అమ్మాయికి 38. ఇప్పుడే మందులు అక్కర్లేదమ్మా, వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తు, వేగంగా నడువు, నెలసరి ఆగిన ఏడాది నా దగ్గరికి రా అని చెప్పాను. ఫోన్ తీసి ఆ మాట రాసుకుంది.